ఉత్తుత్తి మీట

ఆ రోజు చివరి వరసలో కూర్చున్నవాళ్లకి ఆవిడ గొంతు నిజంగా వినబడిందా?

మైకు మాస్టారికి ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. పెద్ద మైదానం, ఇసుక వేస్తే రాలనంత జనం. పాట మధ్యలో కరెంటు పోయింది. స్పీకర్లు మూగబోయాయి. పాడుతున్న ఆవిడ మాత్రం ఆపలేదు. మైకు పక్కన పెట్టి, స్టేజీ అంచు దాకా నడిచి వచ్చి, ఉత్త గొంతుతో పాట పూర్తి చేసింది. "చివరి వరస దాకా వినబడిందంటే నమ్మండి" అని ఆ తర్వాత మాస్టారు ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని బస్సు ప్రయాణాల్లో చెప్పారో లెక్కలేదు. విన్నవాళ్లంతా తలలూపేవాళ్లు. కానీ ఆయన ఆ రోజు కూర్చున్నది మైదానం మధ్యలో, స్పీకర్ల శబ్దం సరిచూసే తన బల్ల దగ్గర. చివరి వరస ఎక్కడో వెనక చీకట్లో ఉంది. అక్కడ ఏం వినబడిందో ఆయనకేం తెలుసు?

పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నప్పుడు మనసు నిలవక ఎటో పోతే, తరచూ అక్కడికే పోయేది. చూడనిదాన్ని చూసినట్టు చెబితే అబద్ధమేనా? దానివల్ల ఎవరికీ నష్టం లేకపోయినా అబద్ధమేనా? దేవుడు అడిగినవాటికి వెంటనే జవాబు చెప్పే రకం కాదు. మాస్టారు దీపం వత్తి సరిచేసి లేచేవారు.

అలా లేచిన ఒక ఉదయమే చిన్నోడు వచ్చాడు.

పేరుకి చిన్నోడు గానీ నెత్తి మీద జుట్టు సగం పోయింది. మాస్టారి దగ్గర వైర్లు మోస్తూ పని నేర్చుకుని, ఇప్పుడు సొంతంగా సౌండు కంపెనీ పెట్టాడు. రెండు లారీల సామాను, పదిమంది మనుషులు. అయినా ఆ ఇంటి గడప తొక్కేసరికి చెప్పులు ఒద్దికగా ఒక మూలకి పెట్టి, చేతులు కట్టుకుని నిలబడతాడు.

"ఏరా, దారి తప్పావా?" అంది మాస్టారి భార్య. "పనుంటే గానీ మేం గుర్తురాం."

"పనే అమ్మా. మాస్టారితోనే పని. అమ్మగారి కచేరీ ఉంది శనివారం. బల్ల దగ్గర మైకు మాస్టారు కూర్చుంటేనే పాడతానని కచ్చితంగా చెప్పేశారు."

మాస్టారి చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగింది. ఆ రోజు మైదానంలో పాడిన ఆవిడ ఆయనకి సొంత అక్కలాంటిది. "అక్క చెప్పిందా?"

"ఆవిడే. మీరు కాకపోతే కచేరీ లేదన్నారు."

"ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తుందంటే ఆర్నెల్లుగా బాగుచెయ్యలేదు" అంది భార్య. "ఈయన్ని నమ్ముకుని కచేరీ పెడుతున్నారా? మీ ధైర్యానికి మెచ్చుకోవాలి."

చిన్నోడు నవ్వాడు. ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చిందని మాస్టారికి అనిపించింది. కానీ ఆ క్షణంలో దాని గురించి ఆలోచించేంత తీరిక ఆయన సంతోషానికి లేదు. పని మానేశాక ఆయన్ని ఎవరూ పిలవలేదు. పాత చొక్కా తీసి వేసుకుని, జేబులో పెన్నుటార్చి పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు.

హాలు కొత్తది. ఎత్తయిన కప్పు, మెత్తటి కుర్చీలు. రిహార్సలుకి ముందుగా చేరిన మాస్టారు తన అలవాటు ప్రకారం హాలంతా తిరుగుతూ చప్పట్లు కొట్టారు. గోడ పక్కన ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, బాల్కనీ కింద ఒకటి. ప్రతిచోటా ఆగి చప్పుడు ఎలా తిరిగి వస్తుందో విన్నారు.

"అదంతా ఇప్పుడు కంప్యూటర్ చెప్పేస్తుంది మాస్టారూ" అన్నాడు చిన్నోడు.

"చెప్పనీ. నా చేతులు కూడా ఓ మాట చెబుతాయి. ఇద్దరూ ఒకే మాట చెబితే మంచిదేగా."

స్టేజీ మీద ఒకడు వైరుని మోచేతికి తాడులా చుడుతుంటే మాస్టారు ఆగలేకపోయారు. దగ్గరికెళ్లి తీసుకుని, లోపలి మెలిక ఎటు తిరిగితే అటు తిప్పుతూ వేళ్ల మధ్య చుట్టి ఇచ్చారు. "దానికీ ఒక తీరుంటుంది బాబూ. బలవంతం చేస్తే సరిగ్గా కచేరీ రోజునే తెగుతుంది."

బల్ల హాలు మధ్యలో పెట్టారు. వరసగా మీటలు. పైకి తోస్తే శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. ఒక్కో మీట కింద తెల్లటి టేపు అంటించి, దాని మీద వయొలిన్, కీబోర్డు, డ్రమ్ములు అని రాసి ఉంది. మధ్య మీట కింద ఉట్టి 'అక్క' అని రాసి ఉంది. అది చిన్నోడి చేతిరాతే. మాస్టారు ఆ టేపు అంచుని బొటనవేలితో ఒకసారి అదిమారు.

ఆవిడ మేనకోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. మనిషి బాగా చిక్కింది. స్టేజీ మీది నుంచి హాలు మధ్యకి కళ్లు చికిలించి చూసి, "తమ్ముడేనా అది? పొట్ట వచ్చిందేం?" అంది మైకులో. పనివాళ్లంతా నవ్వారు.

"ఇంటి తిండక్కా" అని అరిచారు మాస్టారు.

పాట మొదలైంది. మొదటి పలుకుకే మాస్టారు తలెత్తారు. అదే గొంతు. వానలో మైకులకి ప్లాస్టిక్ సంచులు కట్టి పాడించినప్పటి గొంతు. హాల్లోకి పావురాలు దూరి స్టేజీ మీద ఎగురుతుంటే వాటిని చూసి నవ్వుతూ శ్రుతి తప్పకుండా పాడిన గొంతు. కాలం ఈమెని మాత్రం ముట్టుకోలేదేమిటని ఆశ్చర్యపోతూ వేళ్లు మీట మీద పెట్టుకుని కూర్చున్నారు.

రెండోసారి పల్లవి ఎత్తుకుంటూ ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని దగ్గింది.

ఆవిడ మొహం అటు తిరగ్గానే మాస్టారి చెయ్యి తనంతట తాను 'అక్క' మీటని కిందికి లాగేసింది. ఏళ్ల తరబడి చేసిన పని అది. ఆవిడ దగ్గు జనానికి వినబడకూడదు. మీట అడుగుకంటా దిగింది. భుజాలు కదిలేలా ఆవిడ ఇంకా దగ్గుతూనే ఉంది.

స్పీకర్లలో పల్లవి చక్కగా సాగిపోతోంది.

మాస్టారు మీటని పైకి తోశారు. మళ్లీ కిందికి లాగారు. పాటలో ఏ మార్పూ లేదు. వయొలిన్ మీట లాగితే వయొలిన్ తగ్గింది. డ్రమ్ముల మీట తోస్తే డ్రమ్ములు పెరిగాయి. మధ్యలో ఉన్న ఆ ఒక్క మీటే దేనికీ తగిలించి లేదు.

చిన్నోడు స్టేజీ పక్కన తెర వెనక ఉన్నాడు. వాడి ముందు ఇంకో చిన్న బల్ల, దాని పక్కన కంప్యూటర్. పాట అందులోంచి వస్తోంది. మాస్టారు వచ్చి వెనక నిలబడ్డా చిన్నోడు తల తిప్పలేదు.

"ఎప్పటి పాటరా అది?"

"పదేళ్ల కిందట స్టూడియోలో పాడించింది."

"మరి ఆవిడ మైకు?"

"మాటలప్పుడు తెరుస్తాను. పాటప్పుడు మూసేస్తాను." చిన్నోడు చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. "చెవిలో పెట్టిన బిళ్లలో మాత్రం ఆవిడ ఇప్పుడు పాడే గొంతే వినబడుతుంది. ఆవిడకి తెలియదు."

"నాకూ తెలియకూడదనుకున్నావు."

చిన్నోడు నేల చూపులు చూశాడు. "మీరు నేర్పిందే కదా మాస్టారూ."

నిజమే. ఆ రోజుల్లో కచేరీ పెట్టినాయన బావమరిదో, పెద్ద అల్లుడో వచ్చి బల్ల మీదికి వంగి, "బేస్ సౌండు చాలట్లేదయ్యా" అనేవాడు. అలాంటివాళ్ల కోసమే మాస్టారు బల్ల చివర ఒక మీట ఖాళీగా ఉంచేవారు. గంభీరంగా మొహం పెట్టి దాన్ని కాస్త పైకి తోస్తే, ఆ పెద్దమనిషి కళ్లు మూసుకుని విని, "ఆఁ, ఇప్పుడు అదిరింది" అని వెళ్లిపోయేవాడు. అతను వెళ్లాక చిన్నోడూ మాస్టారూ బల్ల కింద తలలు పెట్టి నవ్వుకునేవాళ్లు. దానికి ఉత్తుత్తి మీట అని పేరు పెట్టింది కూడా చిన్నోడే.

"అది పనిలో అడ్డుపడేవాళ్ల కోసంరా" అన్నారు మాస్టారు మెల్లగా.

"నన్నేం చెయ్యమంటారు? మొన్నామధ్య ఒకచోట నిజంగానే పాడించారు. పై స్థాయిలో గొంతు పగిలింది. ఎవడో ఫోన్లో తీసి పెట్టాడు. లక్షమంది చూసి నవ్వారు. అప్పట్నించీ అన్నిచోట్లా ఇదే పద్ధతి, ఈ కచేరీ పెట్టినవాళ్లు కూడా ఆ షరతు మీదే ఒప్పుకున్నారు. మేనకోడలు కూడా సరేనంది. మీరు బల్ల దగ్గర కనబడితే ఆవిడకి అనుమానం రాదని..." మిగతాది మింగేశాడు. "చెప్పకండి మాస్టారూ. చెబితే ఆవిడ మళ్లీ స్టేజీ ఎక్కదు. అది మంచిదా, ఇది మంచిదా?"

మాస్టారు తిరిగి బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, రిహార్సలు అయిపోయేదాకా వయొలిన్నీ డ్రమ్ముల్నీ సరిచూశారు. 'అక్క' అని రాసున్న చోట వేలు పెట్టలేదు.

మర్నాడు దేవుడి ముందు ఎక్కువసేపే కూర్చున్నారు. ఏం అడగాలో తెలియలేదు. ఆవిడ పరువు కాపాడమని అడిగితే అది చిన్నోడు చూసుకుంటున్నాడు. నిజం నిలబెట్టమని అడిగితే ఆ నిజం ఆవిడ గుండెని నిలబెడుతుందా? ఒకదానికి ఒకటి అడ్డం వచ్చే కోరికలు ఒకే నోటితో ఎలా కోరతారు?

ఆయన చెప్పిందంతా భార్య కూరగాయలు తరుగుతూ విన్నది. "నాకు వంట చేతకావట్లేదని మీరంతా అనుకున్నారనుకోండి" అంది కత్తి ఆపి. "నాకు చెప్పకుండా బయటినించి తెప్పించి, నేను చేసింది అవతల పారబోసి, చుట్టాలందరికీ ఇది ఈవిడే వండిందని వడ్డించారనుకోండి. వాళ్లు ఆహా ఓహో అన్నారు. నాకెలా ఉంటుంది?"

"నీకు తెలియదు కదా."

"తెలియకపోవడం ఏమిటి? నా కూర రుచి నాకు తెలియదా?" మళ్లీ తరగడం మొదలుపెట్టింది. "వెళ్లి చెప్పి రండి. తిడితే పడండి. ఇంట్లో పడటంలా?"

అక్క ఇల్లు మూడో అంతస్తులో. తలుపు మేనకోడలు తీసింది. "అత్త పడుకుంది, సాయంత్రం రండి" అని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తమ్ముడి చెప్పుల చప్పుడే అది" అని లోపల్నించి వినబడింది. "రానియ్. నువ్వెళ్లి టీ పెట్టు."

ఆవిడ కిటికీ పక్కన, ఒళ్లో దుప్పటితో కూర్చుని ఉంది. మాస్టారు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"అక్కా, నా బల్ల మీద నీ మీట..."

"ఉత్తిదే కదూ?"

మాస్టారు స్టూలు ముందుకి జరుపుకున్నారు.

"మూడు కచేరీల నించి నాకు అనుమానం" అంది ఆవిడ. "నేను ఊపిరి అందక తడబడతాను, జనం మాత్రం కళ్లు మూసుకుని వింటుంటారు. పోయినసారి కావాలనే ఒక చరణం మొత్తం ఎగ్గొట్టాను. పెదాలు కూడా కదపలేదు. మొదటి వరసలో ఒకాయన ఆ చరణానికే కన్నీళ్లు తుడుచుకున్నాడు." నవ్వింది, ఆ నవ్వు దగ్గులోకి దిగింది. "అందుకే నువ్వు కావాలన్నాను. వేరేవాళ్లు నా గొంతు మూసేసినా నీ చెయ్యి మూయదని. తీరా చూస్తే నిన్నూ నాలాగే కూర్చోబెట్టారు."

"నిన్ననే తెలిసిందక్కా."

"చూశాను. నేను దగ్గగానే నువ్వు లేచి తెర వెనక్కి వెళ్లావు. అప్పుడు నిశ్చయంగా తెలిసింది."

ఎందుకో ఆయనకి అప్పుడే అడగాలనిపించింది. "అక్కా, ఆ మైదానంలో కరెంటు పోయిన రోజు, నీ గొంతు చివరి వరస దాకా వినబడిందంటావా?"

"చివరి వరసా? నా పక్కన వాయించేవాడికే వినబళ్లేదు. ఒకటే గోల. ఆపేద్దామనుకున్నాను. అప్పుడు నువ్వు బల్ల దగ్గర లేచి నిలబడి టార్చి పట్టిన చెయ్యెత్తి ఊపావు. వినబడుతోంది, పాడమంటున్నావనుకుని పాడాను."

మాస్టారు తల పట్టుకున్నారు. "నేను జనరేటరు వాణ్ని పిలుస్తున్నానక్కా!"

ఆవిడ ఒక క్షణం ఆయన మొహంలోకి చూసింది. ఇద్దరూ ఒక్కసారే పగలబడి నవ్వారు. ఆవిడ కళ్లమ్మట నీళ్లొచ్చాయి. టీ కప్పులతో వచ్చిన మేనకోడలు ఏమీ అర్థంకాక గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వీడికి అంతా తెలుసు, నాకూ తెలుసు" అంది ఆవిడ మేనకోడలితో, కళ్లు తుడుచుకుంటూ. "ఇంక దాచాల్సిన పని లేదు."

మేనకోడలు లోపలికొచ్చి కప్పులు కిటికీ గట్టు మీద పెట్టింది. "ఆ వీడియో కింద రాసినవి నువ్వు చదవలేదత్తా. నేను చదివాను. ఒక్కోటీ చదివాను. మళ్లీ అలా నవ్వుతుంటే నేను చూడలేను."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారే పిల్లా. ఇప్పుడు కొట్టే చప్పట్లు ఎవరికి కొడుతున్నారు?" ఆవిడ కప్పు అందుకుని ఒళ్లో పెట్టుకుంది. "వాళ్లన్నదీ అబద్ధం కాదు. పాత శ్రుతిలో నా వల్ల కాదు. రెండు మెట్లు దించితే పాడగలను. వట్టి మొండితనానికి దించలేదు ఇన్నాళ్లూ."

రెండు మెట్లు. మాస్టారు ఆ మాట దగ్గరే ఆగిపోయారు. చిన్నోడి కంప్యూటర్లో ఉన్న గొంతు పాత శ్రుతిలో ఉంది. వాద్యాలు కింది శ్రుతిలో మొదలయ్యాయంటే దాంట్లో ఒక్క ముక్క కూడా కలవదు. ఆ గొంతు ఇంక దేనికీ పనికిరాదు.

"వాయించేవాళ్లు సర్దుకుంటారా?"

"వయొలిన్ ఆయన నేనెక్కడుంటే అక్కడికి వస్తాడు. కీబోర్డుకి ఒక్క బటన్ నొక్కితే చాలట." ఆవిడ ఆయన వైపు చూసింది. అదే మాట ఆవిడకీ తట్టినట్టుంది.

"మాటలప్పుడు వాడు మైకు తెరుస్తాడక్కా" అన్నారు మాస్టారు.

మేనకోడలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చీర కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లింది. వద్దని మాత్రం అనలేదు.

ఆ రెండు రోజులూ మాస్టారికి కుదురు లేదు. చిన్నోడికి చెప్పకపోతే వాడు తనకి చేసిందే తను వాడికి చేసినట్టు. చెబితే మొత్తం ఆపేస్తాడేమో. శనివారం హాల్లోకి జనాన్ని వదలక ముందు తెర వెనక్కి వెళ్లి వాడి భుజం మీద చెయ్యి వేశారు.

"అక్కకి తెలుసురా. నేను చెప్పకముందే తెలుసు."

చిన్నోడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. "ఇప్పుడేం చేస్తారు ఆవిడ?"

"పాడుతుంది. మాటలప్పుడు మైకు తెరుస్తావుగా. ఆ తర్వాత మూయకు, అంతే."

"పాడలేకపోతే? వాళ్లు నా పీక పట్టుకుంటారు మాస్టారూ. ఈ హాల్లో మళ్లీ పనివ్వరు."

"ఇవ్వకపోవచ్చు" అన్నారు మాస్టారు. అంతకుమించి ధైర్యం చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. "మీట నీ చేతిలో ఉంది, నా చేతిలో లేదు. నీ ఇష్టం."

హాలు నిండింది. ఆవిడ తెల్లటి చీరలో వచ్చి స్టేజీ మధ్య కుర్చీలో కూర్చుంది. చప్పట్లు ఆగాక మైకు దగ్గరికి జరిగింది.

"అందరికీ నమస్కారం. ఒక చిన్న మనవి. పాత శ్రుతి నాకిప్పుడు అందడం లేదు. రెండు మెట్లు దించి పాడతాను. అక్కడక్కడా గొంతు బొంగురు పోతుంది, ఊపిరి ఆగుతుంది. ఇష్టమైనంతసేపు వినండి. మధ్యలో లేచి వెళ్లినా ఏమీ అనుకోను."

హాల్లో చిన్న గుసగుస పాకింది. ఆవిడ వెనక్కి తిరిగి తల ఊపింది. కీబోర్డు అబ్బాయి తెర వైపు ఒకసారి చూసి బటన్ నొక్కాడు. కంప్యూటర్ పాటకి తాళం కలపడానికి చెవిలో పెట్టుకున్న బిళ్లని డ్రమ్ములాయన పీకేసి జేబులో వేసుకున్నాడు. వయొలిన్ కిందనించి మెల్లగా అందుకుంది.

మాస్టారు తెర వైపే చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు మూస్తాడా? మూస్తే ఆవిడ పెదాలు కదులుతాయి, హాలు నిశ్శబ్దంగా ఉంటుంది. అంతే.

ఆవిడ ఊపిరి పీల్చుకున్న శబ్దం ముందుగా వినబడింది. తర్వాత గొంతు.

పాత గొంతు కాదది. మసక బారింది, అంచులు గరుకెక్కాయి. రెండో పాదంలోనే ఒకచోట బీటలు వారింది. ముందు వరసల్లో ఒకడు ఫోను పైకెత్తాడు. నడవ పక్కన కూర్చున్న ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఆవిడ చూసింది. అదే పాదాన్ని మళ్లీ ఎత్తుకుంది, ఈసారి ఇంకా నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు. ఆ నెమ్మదికి హాల్లో దగ్గులు, కుర్చీల చప్పుళ్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి.

చరణం మధ్యలో ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదిలాయి. స్పీకర్లలో దగ్గు రాలేదు. ఆ ఖాళీలో వయొలిన్ చెంచాడంత పెరిగి, ఆవిడ తిరిగి మైకు వైపు వచ్చేసరికి మళ్లీ దిగింది. మాస్టారు తన బల్ల మీద ఏదీ ముట్టుకోలేదు. తెర వెనక ఉన్న చెయ్యి చేసిన పని అది. అవే వేళ్లని తను ఒకప్పుడు పట్టుకుని మీటల మీద పెట్టించారు.

ఇంక ఆ బల్ల దగ్గర ఆయనకి పనేం లేదు. పెన్నుటార్చి ఆర్పి జేబులో పెట్టుకుని లేచారు. కాస్త వంగి, ఎవరికీ అడ్డం రాకుండా, పక్క వరసల్లో వెతుక్కుంటూ వెళ్లారు. భార్య గోడ పక్కన కూర్చుని ఉంది. ఆవిడ పక్క కుర్చీలో చేతిసంచి.

పెళ్లైన కొత్తలో మొదటిసారి కచేరీకి తీసుకొచ్చినప్పుడు, "పావుగంటలో వచ్చేస్తా, నా కుర్చీ ఎవర్నీ కూర్చోనివ్వకు" అని చెప్పి ఆయన బల్ల దగ్గరికి వెళ్లారు. పాట అయిపోయింది, కచేరీ అయిపోయింది, వైర్లు చుట్టడం అయిపోయింది, ఆయన రాలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కచేరీలోనూ ఆవిడ పక్క కుర్చీలో సంచి ఉండేది. ఆడవాళ్లకి సంచులు పెట్టుకోవడానికి చోటు కావాలి కాబోలని ఇన్నేళ్లూ అనుకున్నారు ఆయన.

ఆయన వచ్చి పక్కన నిలబడితే ఆవిడ స్టేజీ మీంచి చూపు తిప్పలేదు. సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అయిందా పావుగంట?"

"ఇప్పుడే అయింది" అన్నారు మాస్టారు, కూర్చుంటూ.